తల్లి లేని అడవికూన

తల్లిని పోగొట్టుకున్న అడవికూనను మనిషి పాలు పట్టి, వెచ్చగా ఉంచి, తన కాళ్ల మీద తాను నిలబడేదాకా సాకడాన్ని చేతిపెంపకం అంటారు. జంతుప్రదర్శనశాలల్లో ఇది తప్పనిసరై చేసే పని. ఈనిన తల్లి చనిపోయినప్పుడు, పిల్లను దగ్గరికి రానివ్వనప్పుడు, పొదుగులో పాలు పడనప్పుడు దీన్ని మొదలుపెడతారు. అడవి నుంచో ఊరి అంచు నుంచో అటవీ సిబ్బంది కూనను తెచ్చి అప్పగించినప్పుడు కూడా ఇదే దారి. ఈ పనిలో రెండు పాళ్లున్నాయి. ఒకటి, కూనను బతికించడం. రెండోది, బతికిన కూన జింకయితే జింకలా, పులయితే పులిలా ఎదిగేట్టు చూడడం. చూసేవాళ్ల కంటికి పాలసీసా ఒక్కటే కనబడుతుంది గనక మొదటిదే కష్టమనిపిస్తుంది. నిజానికి రెండోదే కష్టం. పొరపాట్లు ఎక్కువ జరిగేదీ అక్కడే.

హైదరాబాద్ కొత్తపేట చుట్టుపక్కల ఉండేవారికి ఇది దూరపు సంగతి కాదు. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డున కొద్ది కిలోమీటర్లు వెళ్తే, వనస్థలిపురం, ఆటోనగర్‌ల పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు అది నిజాం వేటకు వచ్చిన నేల. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి ఆ పేరు పెట్టి జింకలకు వదిలారు. 14.59 చదరపు కిలోమీటర్ల ఆ గడ్డినేలలో, పొదల్లో కృష్ణజింకలు, చుక్కల దుప్పులు తిరుగుతాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణకు. అదే ఎల్బీనగర్ నుంచి రింగురోడ్డు పట్టుకుని కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్టల మీదుగా ఆరాంఘర్ వైపు వెళ్తే, మీరాలం చెరువు పక్కన నెహ్రూ జూ పార్కు. అది 1963 అక్టోబరు 6న సందర్శకులకు తెరుచుకుంది. జింకకూన పుట్టే చోటు, తల్లి లేని కూన చేరగల చోటు, రెండూ కొత్తపేటకు చెరో పక్కన ఉన్నాయి. మధ్యలో ఉన్నవి కాలనీలు, లారీలు, ఊరకుక్కలు.

చేతిపెంపకంలో మొట్టమొదటి ప్రశ్న పాల గురించి కాదు. ఈ కూనకు నిజంగా తల్లి లేదా అన్నదే ఆ ప్రశ్న. జింకకూనల విషయంలో చాలాసార్లు వచ్చే జవాబు, తల్లి ఉంది అనే. కృష్ణజింక గానీ దుప్పి గానీ ఈనిన తర్వాత కొన్నాళ్లపాటు కూనను వెంట తిప్పుకోదు. గడ్డిలోనో పొద కిందో పడుకోబెట్టి తాను దూరంగా మేస్తుంది. తన వాసన, తన కదలిక కూన ఉన్న చోటును పట్టిస్తాయి కాబట్టి ఆ దూరమే కూనకు కాపలా. తల్లి దాన్ని నాకి నాకి శుభ్రం చేసి ఉంచుతుంది, అందుకని కూన ఒంటికి వాసన తక్కువ. అలికిడి అయితే కూన పారిపోదు, మెడ నేలకు ఆనించి బిగుసుకుపోతుంది. రోజుకు కొన్ని సార్లు మాత్రమే తల్లి వచ్చి పాలిచ్చి వెళ్తుంది. దారిన పోయే మనిషికి ఈ ఏర్పాటు తెలియదు. ఒంటరిగా, కదలకుండా పడి ఉన్న పసికూనను చూసి జాలిపడి ఎత్తుకుపోతాడు. సాయంత్రం తల్లి వచ్చేసరికి కూన ఉండదు. మంచి మనసుతో చేసిన పనే కూనకు తల్లిని లేకుండా చేస్తుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక దగ్గరికి రానివ్వదన్న నమ్మకం ఒకటి ఊళ్లలో బలంగా ఉంది. చాలా జంతువుల విషయంలో అది నిజం కాదు. పొరపాటున ఎత్తిన కూనను వెంటనే అదే చోట తిరిగి పడుకోబెడితే తల్లి తీసుకుంటుంది.

వైష్ణవులు భక్తిని వివరించడానికి చెప్పే రెండు న్యాయాలున్నాయి. మర్కట కిశోర న్యాయంలో కోతిపిల్ల తానే తల్లి పొట్టను కరుచుకుని ఉంటుంది. మార్జాల కిశోర న్యాయంలో తల్లే కూనను నోట కరుచుకుని తిప్పుతుంది. వేదాంతం కోసం చెప్పిన ఈ మాటలు జంతువుల విషయంలో అక్షరాలా నిజం. జూలో కూనను సాకేవారు ముందుగా తేల్చుకోవలసిందీ ఇదే: ఇది తల్లిని అంటిపెట్టుకునే కూనా, తల్లి మోసుకుపోయే కూనా, జింకలా దాగి ఉండే కూనా, ఏనుగులా పుట్టిన రోజు నుంచే తల్లి వెంట నడిచే కూనా? ఆ తరవాత చేసే ప్రతి పనీ ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

పిల్లి ఏడిళ్లు తిప్పుతుందని తెలుగువారంతా అంటారు. చిరుతలూ పులులూ చేసేది కూడా అదే. ఒక చోటు క్షేమం కాదనిపిస్తే కూనలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఇంకో చోటికి చేరుస్తాయి. ఆ మార్పిడి మధ్యలో కూనలు కాసేపు ఒంటరిగా కనబడతాయి. మహారాష్ట్ర చెరకు తోటల్లో నరికేవాళ్లకు చిరుతకూనలు తరచూ దొరుకుతుంటాయి. అక్కడి అటవీ సిబ్బంది, పశువైద్యులు వాటిని పరీక్షించి, పొద్దుగూకే వేళ దొరికిన చోటే ఒక పెట్టెలో ఉంచి దూరంగా కాపు కాస్తారు. ఎన్నోసార్లు ఆ రాత్రే తల్లి వచ్చి తీసుకుపోయింది.

తెలుగునాట ఇలాంటి ప్రయత్నం అందరి కంటా పడింది 2023 మార్చి మొదటి వారంలో. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర గ్రామస్థులకు నాలుగు పులికూనలు కనబడ్డాయి. నాలుగూ ఆడవే. కుక్కలు పీకకుండా ఊరివాళ్లు వాటిని ఒక గదిలో పెట్టి కబురు చేశారు. ఆ ఊరు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున ఉంది. అటవీశాఖ వాటిని నేరుగా జూకు పంపలేదు. టి-108 అన్న గుర్తుతో నమోదైన ఆడపులే తల్లి అని భావించి, అడుగుజాడలు వెతికి, కెమెరాలు కట్టి, కూనలను తల్లి దగ్గరికి చేర్చాలని రాత్రింబవళ్లు చూసింది. తల్లీపిల్లలు కలవలేదు. చివరికి కూనలను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు తరలించారు. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమావళి కోరేది ఈ వరుసనే: ముందు తల్లి కోసం వెతకాలి, తల్లి ఇక లేదని తేలాకే పెంపకం. ఆ కొద్ది రోజుల వెతుకులాటను వృథా ప్రయాస అనుకోకూడదు. చేతిపెంపకం మొత్తంలో అన్నిటికన్నా విలువైన ఘట్టం అదే, ఎందుకంటే తల్లి నేర్పేదాన్ని ఏ జూ పూర్తిగా నేర్పలేదు.

తల్లి లేదని తేలాక పని గంటల లెక్కన మొదలవుతుంది. తొలి నియమం: చల్లబడిన కూనకు పాలు పట్టకూడదు. పసికూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది. ఆ స్థితిలో పోసిన పాలు అరగక పులిసిపోతాయి. అందుకని ముందు కంబళి, వేడినీళ్ల సీసా, హీటర్ దీపం. కూన వెచ్చబడ్డాక ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు. అవి ఒంటబట్టాక పలచని పాలు. పాల చిక్కదనాన్ని రెండు మూడు రోజుల మీద పెంచుకుంటూ పోతారు. ఆకలితో అరుస్తున్న కూన ముందు ఇంత ఓపిక పట్టడం ఎవరికైనా కష్టమే, కానీ తొందరపాటు వల్ల పోయే కూనలు ఆకలి వల్ల పోయేవాటికి తక్కువేం కాదు.

జింకల్లాంటి నెమరువేసే జంతువులకు ఇంకొక గండం ఉంది. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే రోగాలను ఎదిరించే శక్తి కొంత అందుతుంది. జింకకూనకు అలా అందదు. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలలోనే ఆ శక్తి ఉంటుంది. ఒక రోజు దాటితే పేగులు దాన్ని గ్రహించడం మానేస్తాయి. అందుకే కూన పుట్టాక ఒక్కసారైనా తల్లి పాలు తాగిందా అన్నది జూ వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి. తాగలేదని తెలిస్తే, గడ్డకట్టించి దాచిన ఆవు ముర్రుపాలో మేక ముర్రుపాలో కరిగించి పడతారు. సమయం దాటిపోతే అదే జాతి పెద్ద జంతువు రక్తం నుంచి తీసిన ద్రవాన్ని ఎక్కించే పద్ధతీ ఉంది.

తరవాత అసలు పాలు. పులిపాలైనా తెచ్చిపెడతారని తెలుగులో ఒక మాట ఉంది. జూకు కావలసినవి నిజంగా అవే, దొరకనివీ అవే. ఏ జాతి పాలు ఆ జాతి కూన బతుకుకు తగ్గట్టు ఉంటాయి. ఆవుపాలలో కొవ్వు దాదాపు 4 శాతం, గేదెపాలలో 7 శాతం. జింకపాలలో కొవ్వూ మాంసకృత్తులూ ఆవుపాలకు రెట్టింపు దగ్గర. పొద కింద దాగిన కూనకు తల్లి రోజుకు కొన్ని సార్లే వస్తుంది కాబట్టి ప్రతి గుటకా చిక్కగా ఉండాలి. మంచులో పెరిగే కొన్ని సీళ్ల పాలలో సగం కొవ్వే. ఖడ్గమృగం పాలు దీనికి పూర్తిగా ఎదురు: కొవ్వు ఒక్క శాతం కూడా ఉండదు, పలచగా, తియ్యగా ఉంటాయి. ఎప్పుడూ తల్లి పక్కనే నడిచే కూన మాటిమాటికీ తాగుతుంది కనక దానికి అవి చాలు. పులి, చిరుత పాలలో మాంసకృత్తులు ఎక్కువ, పాలచక్కెర తక్కువ. ఇంట్లో ఉన్న ఆవుపాలు నీళ్లు కలిపి చిరుతకూనకు పడితే, మాంసకృత్తులు చాలక ఎండిపోతుంది, చక్కెర అరగక విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లి జాతికి టారిన్ అనే పోషకం తప్పనిసరి. అది లోపిస్తే కంటిచూపు దెబ్బతింటుంది. పిల్లికూనల కోసం తయారుచేసిన పాలపొడికి ఇవన్నీ లెక్కకట్టి కలుపుతారు.

ఈ లెక్క కుదరడానికి ఒక మనిషి జీవితంలో ఎన్నేళ్లు పడతాయో కెన్యాలోని డాఫ్నే షెల్డ్రిక్ అనుభవం చూపుతుంది. అనాథ ఏనుగుపిల్లలకు ఆవుపాల కొవ్వు పడదు. ఏళ్ల తరబడి ఒక్కో పిల్లా చేతుల్లోనే పోతుంటే, ఆమె రకరకాల మిశ్రమాలు ప్రయత్నించి చివరికి ఆవుకొవ్వు లేని పసిపిల్లల పాలపొడికి కొబ్బరినూనె జోడించడం దగ్గర ఆగింది. ఇవాళ నైరోబీలో పెరిగి అడవికి వెళ్లిన ఏనుగులు ఆ మిశ్రమం పుణ్యమే.

పాలు సరైనవి అయినంత మాత్రాన సరిపోదు, పట్టే తీరు తెలియాలి. మనిషి బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టినట్టు పులికూనను పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. చేతిపెంపకంలో కూనలను బలిగొనే న్యుమోనియాకు పెద్ద కారణం ఇదే. కూన బోర్లా, పొట్ట మీద ఆని, తల కాస్త ఎత్తి, తల్లి దగ్గర ఉన్నట్టే ఉండాలి. జింకకూనకు సీసా పైన పట్టుకోవాలి. అది మెడ సాచి చప్పరిస్తే లోపల ఒక మడత కాలువలా మూసుకుని, పాలను మొదటి పొట్టలో పడనివ్వకుండా నాలుగో పొట్టకు నేరుగా చేరుస్తుంది. గిన్నెలో పోసి మూతి ముంచితే ఆ కాలువ సరిగా మూసుకోక పాలు మొదటి పొట్టలో చేరి కుళ్లుతాయి. పీకకు బెజ్జం పెద్దదైనా ప్రమాదమే. ఒక్కసారి పట్టే పాలు కూన బరువులో 5 శాతం మించకుండా చూస్తారు. రెండు కిలోల కూనకు అది 100 మిల్లీలీటర్లు. కూన ఇంకా అడుగుతుంది, ఇవ్వకూడదు.

తాగిన తరవాత ఇంకో పని ఉంది. తల్లి నాకితే తప్ప పసికూనకు మూత్రం, మలం వాటంతట అవి రావు. కీపరు గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తని గుడ్డతో, తల్లి నాలుకలా, మృదువుగా తుడుస్తాడు. ఇది తెలియక ఇంట్లో పెంచబోయి పోగొట్టుకున్న కూనలు ఎన్నో. ప్రతి ఉదయం ఒకే వేళకు కాటా మీద పెట్టి బరువు రాస్తారు. కూన చలాకీగానే కనబడుతూ రెండు రోజులు బరువు పెరగకపోతే, ఆ అంకె రోగాన్ని కన్నుకన్నా ముందే చెబుతుంది. మొదటి వారాల్లో పులికూనకు రెండు మూడు గంటలకొకసారి, అర్ధరాత్రి కూడా, పాలు పట్టాలి. జూ గేట్లు మూసి, సందర్శకులు వెళ్లిపోయాక, ఒక దీపం కింద సీసాలు మరిగిస్తూ కూర్చునే ఆ కీపర్ల పేర్లు బోర్డుల మీద ఎక్కడా ఉండవు. ఉండాలి.

శుభ్రత విషయంలో హైదరాబాద్ జూకు ఒక చేదు పాఠం ఉంది. 2021 మే నెలలో అక్కడి 8 సింహాలకు కొవిడ్ సోకినట్టు సీసీఎంబీ పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలింది. దేశంలో జూ జంతువులకు అది సోకినట్టు బయటపడడం అదే మొదటిసారి. సింహాలు కోలుకున్నాయి. మనిషి జబ్బు జంతువుకు పాకుతుందని అప్పుడు అందరికీ తెలిసింది. ముర్రుపాల రక్షణ కూడా లేని కూన విషయంలో ఈ భయం ఇంకా ఎక్కువ. అందుకే చేతులు కడగడం, మాస్కు, ఆ గదికే ప్రత్యేకించిన బట్టలు, చెప్పులు.

ఇక కోతిపిల్ల సంగతి. కరెంటు తీగలు తగిలి తల్లికోతి చనిపోయినప్పుడు పిల్ల ఆ శవాన్నే కరుచుకుని ఉండడం మన వీధుల్లో చాలామంది చూసిందే. దానికి పాలకన్నా ముందు పట్టుకోవడానికి ఏదైనా కావాలి. అమెరికా శాస్త్రవేత్త హ్యారీ హార్లో 1950లలో కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లులను ఉంచాడు. ఒకటి పాలిచ్చే తీగచట్రం, మరొకటి పాలు లేని మెత్తని గుడ్డబొమ్మ. పిల్లలు ఆకలి తీరగానే గుడ్డబొమ్మనే వాటేసుకుని గంటలు గడిపాయి. ఆ ప్రయోగాల్లో పిల్లలు పడ్డ బాధ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కానీ నేడు జూలో కోతిపిల్ల పక్కన ఉంచే బొచ్చు తువ్వాలు వెనక ఉన్న జ్ఞానం అదే. ఏనుగుపిల్లకు తువ్వాలు చాలదు, మనిషే పక్కన పడుకోవాలి. నీలగిరి కొండల్లోని ముదుమలై తెప్పకాడు శిబిరంలో రఘు, అమ్ము అనే అనాథ ఏనుగుపిల్లలను పెంచిన బొమ్మన్, బెల్లి దంపతుల కథ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ చిత్రంగా ఆస్కార్ అందుకున్నది కూడా, నంద్యాల పులికూనలు దొరికిన 2023 మార్చిలోనే.

ఏనుగుకు అవసరమైన ఆ మమకారమే జింకకూ పులికీ హాని చేస్తుంది. తెలుగు భాగవతంలో గంగన రాసిన పంచమ స్కంధంలో భరతుడి కథ ఉంది. సింహగర్జనకు బెదిరి నది దాటబోయిన లేడి, కూనను కని ప్రాణం విడుస్తుంది. రాజ్యం వదిలి తపస్సుకు వచ్చిన భరతుడు ఆ కూనను పెంచి, దాని ధ్యాసలోనే పోయి మరుజన్మలో జింకగా పుడతాడు. అక్కడ మమకారం పెంచినవాడిని బంధించింది. జూలో అది పెరిగినదాన్ని బంధిస్తుంది. కళ్లు తెరిచిన తొలినాళ్లలో ఎవరిని చూస్తే వారినే తనవారనుకునే స్వభావాన్ని కొన్రాడ్ లోరెంజ్ 1935లో బాతుజాతి పక్షుల్లో వివరించాడు. ఒంటరిగా మనిషి చేతుల్లో పెరిగిన మగ జింక మనిషిని తన జాతివాడిగా లెక్కపెడుతుంది. కొమ్ములు మొలిచి ఎదకు వచ్చాక, అదే కీపరు దానికి పోటీ మగజింకలా కనబడతాడు. అడవిజింక మనిషిని చూసి పారిపోతుంది, ఇది తల వంచి కుమ్ముతుంది. మెలితిరిగిన పదునైన కొమ్ములున్న కృష్ణజింక విషయంలో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

అందువల్ల మంచి జూలో కూన దగ్గరికి ఒకరిద్దరు కీపర్లే వెళ్తారు. ముద్దుపేరు పెట్టి పిలవరు, ఆడించరు, పాలు పట్టి తప్పుకుంటారు. అమెరికాలో కాలిఫోర్నియా కాండర్ రాబందులు 1987లో లెక్కకు 27 మాత్రమే మిగిలినప్పుడు, పొదిగిన పిల్లలకు మనిషి ముఖం కనబడకుండా రాబందు తలలా కుట్టిన చేతితొడుగుతో మేత పెట్టి పెంచారు. వీలైనంత త్వరగా కూనను సొంత జాతి మధ్యకు చేర్చడమే అసలు మందు. జింకకూన రెండు వారాలకే పచ్చగడ్డి కొరకడం మొదలుపెడుతుంది. మొదట కంచె అవతలి నుంచి మందను చూపిస్తారు, తరవాత నిదానంగా కలుపుతారు. అక్కడ బెదరడం, పరిగెత్తడం, పెద్దల ముందు తగ్గడం మంద నేర్పుతుంది.

పులికి ఆ చదువు పొడుగు. తల్లి దగ్గరే అది దాదాపు రెండేళ్లు ఉంటుంది. అడవికి తిరిగి పంపాలంటే మనుషుల కంటబడని పెద్ద ఆవరణలో కనీసం రెండేళ్లు పెంచాలని, ప్రతి పులీ కనీసం 50 సార్లు సొంతంగా వేటాడి ఉండాలని జాతీయ నియమావళి చెబుతోంది. ఇది కాగితం మీది ఆశ మాత్రమే కాదు. పసికూనలుగా తల్లిని పోగొట్టుకుని మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో ఆవరణలో పెరిగిన రెండు అక్కచెల్లెళ్లను, పులులన్నీ అంతరించిపోయిన పన్నా అడవిలో 2011లో వదిలారు. అవి వేటాడాయి, జతకట్టాయి, కూనలను కని పెంచాయి. ఎలా పెంచాలో వాటికి చూపిన తల్లి లేదు. ఈ రంగంలో ఇంతకన్నా ధైర్యమిచ్చే ఉదాహరణ మరొకటి లేదు.

జనం చూపు మాత్రం తరచూ ఎదురుదారిలో ఉంటుంది. బెర్లిన్ జూలో 2006లో పుట్టి తల్లి వదిలేసిన ధ్రువపు ఎలుగుకూన క్నూట్‌ను కీపరు చేతులతో పెంచాడు. దాన్ని చూడడానికి లోకం తరలివచ్చింది. ఆ ఎలుగు మనుషుల గుంపుల మధ్యే పెరిగి, నాలుగేళ్లు నిండిన కొద్ది నెలలకు, 2011 మార్చిలో మెదడు వాపుతో చనిపోయింది. కూన కనబడగానే ఫోను పైకెత్తే చేతులు ఇక్కడా తక్కువేం లేవు. పెంపకం గది సందర్శకులకు మూసి ఉంచడం సరైన నిర్ణయం. దాన్ని చూసి విసుక్కోకూడదు.

చట్టం విషయంలో సందేహం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిజంతువును ఇంట్లో పెంచడం నేరం. ఎలా చేతికి వచ్చినా 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారులకో తెలియజేయాలి. కృష్ణజింక ఆ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది.

వనస్థలిపురం వైపు గానీ ఆటోనగర్ వైపు గానీ గడ్డిలో ముడుచుకున్న జింకకూన కనబడితే చేత్తో ముట్టుకోకండి. నీళ్లూ పాలూ పట్టకండి. గాయాలుంటే, పక్కనే చనిపోయిన తల్లి ఉంటే, ఒంటి మీద ఈగలూ చీమలూ పట్టి ఉంటే వెంటనే అటవీ సిబ్బందిని పిలవండి. అవేవీ లేకపోతే కుక్కలను అదిలించి, మూగిన నలుగురినీ దూరంగా పంపి, హరిణ వనస్థలి గేటు దగ్గర ఒక మాట చెప్పండి. ఆ చోటు సాయంత్రందాకా నిశ్శబ్దంగా ఉంటేనే తల్లి వస్తుంది.